మట్టల ఆదివారం ముందు శనివారం

రేపు మట్టల ఆదివారం, ఈస్టరుకి ముందొచ్చే ఆదివారం. శనివారం సాయంత్రం నాలుగు దాటింది, ఎండ ఇంకా దిగలేదు, ప్రసంగం కోసం తీసి పెట్టుకున్న కాగితాల మీద ఇది రాస్తున్నాను. ప్రసంగం ముప్పై ఏళ్ళుగా చెబుతున్నదే కదా, యేసు యెరూషలేముకి రావడం, గాడిద పిల్ల, దారిలో పరిచిన బట్టలు, మట్టలు, హోసన్నా. నేను ఎక్కడైనా ఆగితే ముందు వరసలో చాప మీద కూర్చున్న ముసలమ్మలు తర్వాతి మాట అందించేస్తారు.

బయటివాళ్ళకి మా పండుగ అంటే డిసెంబరు, నక్షత్రం, కేకు, సెమీ క్రిస్మస్ స్టేజీలు. నన్నడిగితే మా కోనసీమ సంఘాలకి అసలు కాలం ఈస్టరుకి ముందు వచ్చే ఈ శ్రమల దినాలే. నలభై రోజులూ సాయంత్రం పూట ఎవరో ఒకరి ఇంటి ముందు కూడిక. ఆ ఇంటావిడ కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటుంది, అక్కడి నుంచి వాట్సాప్‌లో వీడియో పెట్టించుకుని తన వాకిట్లో జరిగే ప్రార్థన తనే చూసుకుంటూ ఏడుస్తుంది. ఇక్కడ వాళ్ళ అత్తగారు ఫోను తిప్పి పట్టుకోవడం రాక అరగంట సేపు దూలాన్నే చూపిస్తుంది. నవ్వొస్తుంది గానీ నవ్వలేం. రెండో పంట దాళ్వా చేలు పండుముఖం పడుతుంటాయి, మామిడి పిందెలు రాలుతుంటాయి, నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకునేవాళ్ళు కాలువ కట్టేసే రోజు ఎప్పుడని కనుక్కుంటూ ఉంటారు. ఈ మాట వేరే జిల్లాల పాస్టర్లకి చెబితే అర్థం కాదు. మాకు ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీళ్ళు ఆపేస్తే కాలువలో మోకాలు లోతు కూడా మిగలదు, పైగా బురద. ఏటికి పోదామంటే వేసవిలో పోటుకి సముద్రపు నీరు ఎగదన్ని మా గోదావరి పాయ వైనతేయ ఉప్పగా అయిపోతుంది. ఒకసారి అలా ఏట్లోనే ఇచ్చాను. నీళ్ళలోంచి లేచిన కుర్రాడు కళ్ళు మండుతున్నాయండి అయ్యగారూ అని గోల పెడితే, గట్టు మీద ఉన్నవాళ్ళు పరిశుద్ధాత్మ పనేనని స్తోత్రాలు చెప్పారు. ఉప్పురా బాబూ అని నేను ఎంత చెప్పినా ఎవరు వింటారు.

సరే, మట్టల సంగతికి వస్తాను.

కోనసీమలో మట్టలకేం కొదవ అనుకుంటారు ఎవరైనా. గుమ్మం దాటితే కొబ్బరి చెట్టే. కానీ పిల్లలు పట్టుకుని నడవడానికి ముదురాకు పనికిరాదు, గీరుకుంటుంది, బరువు, మట్ట మొదలు తగిలితే పక్కవాడి తల చిట్లుతుంది. కావలసింది మొవ్వులోది, ఇంకా సరిగ్గా విచ్చుకోని లేతాకు. వెన్న రంగులో ఉంటుంది, మెత్తగా ఉంటుంది, పిల్లలు దాంతో సిలువ అల్లుతారు, బూర చుడతారు, వాచీ చేసి చేతికి కట్టుకుంటారు, ఆరాధన మధ్యలో ఆ బూర ఊది చెవి మెలి పెట్టించుకుంటారు. కొన్ని సంఘాల్లో పోయినేటి మట్టలు కాల్చిన బూడిదతో భస్మ బుధవారం నుదుట సిలువ గుర్తు పెడతారు. మా దగ్గర ఆ పద్ధతి లేదు. మావాళ్ళు ఆకు తుంచి బైబిల్లో పెట్టుకుంటారు, మిగిలింది గుమ్మానికి గుచ్చుతారు, వచ్చే ఏటికి అది ఎండి బల్లులకి ఇల్లవుతుంది.

చిక్కేమిటంటే మొవ్వు కోస్తే చెట్టుకి దెబ్బ. ఏ రైతూ ఒప్పుకోడు. మరి ఇరవై అయిదేళ్ళ పాటు ప్రతి మట్టల ఆదివారం తెల్లారేసరికి మా చర్చి గుమ్మం దగ్గర లేతాకుల మోపు ఎలా ఉండేదో నేను చాలా కాలం ఆలోచించలేదు. ఎవరు తెచ్చేవారో మాత్రం తెలుసు.

ఆయన కొబ్బరి చెట్లెక్కి దింపు తీసే పెద్దాయన. చుట్టుపక్కల నాలుగూళ్ళ తోటల్లో ఆయన ఎక్కని చెట్టు లేదు. నేను 1995 చివర్లో బైబిలు కాలేజీ నుంచి నేరుగా ఈ సంఘానికి వచ్చినప్పుడు నన్నూ మా ఆవిడనీ రేవు నుంచి సైకిళ్ళ మీద తీసుకొచ్చినవాళ్ళలో ఆయనొకడు. మా ట్రంకు పెట్టె ఆయన సైకిలు మీదే వచ్చింది. నాకు ఇరవై ఏడేళ్ళు, గ్రీకు నాలుగు ముక్కలు వచ్చు, ప్రపంచంలో ప్రతిదానికీ నా దగ్గర ఒక వాక్యం ఉందనుకునే వయసు.

1996 నవంబరు 6, బుధవారం. ఆ గాలివాన గురించి మా వైపు ముప్పై అయిదు దాటిన ఎవరిని కదిపినా గంట చెబుతారు కాబట్టి నేను పెద్దగా చెప్పను. మా పేటలో అప్పటికి ఒక్క డాబా లేదు, అందరం బళ్ళోకి పరిగెత్తాం. రాత్రంతా చెట్లు విరుగుతున్న చప్పుడు, ఫెళ్ళుమని ఒకటి, దాని వెనకే ఇంకొకటి. ఎవరో లెక్కపెడుతున్నారు కూడా, వందో ఎంతో దాటాక మానేశారు. తెల్లారాక బయటికి వస్తే ఊరు ఒక్కసారిగా పెద్దదైపోయినట్టుంది. చెట్లు అడ్డు లేక, ఎప్పుడూ కనపడని పక్క ఊరి గుడి గోపురం కనపడుతోంది. చర్చి పెంకులన్నీ ఎగిరిపోయి గోడలే మిగిలాయి. జిల్లా మొత్తంలో పోయిన చెట్లు లక్షల్లో, మనుషులు వెయ్యికి పైనే. ఆ ఆదివారమే దీపావళి. ఊళ్ళో ఒక్క టపాకాయ పేలలేదు. మేం కప్పు లేని చర్చిలో కూర్చుని ఆరాధన చేసుకున్నాం, మధ్యలో కాకులు వచ్చి గోడల మీద వాలాయి.

పెద్దాయన కొడుక్కి పంతొమ్మిదేళ్ళు. తండ్రిలా చెట్లెక్కనని, బోటు మీద కూలికి వెళ్ళాడు. ఆ వారం సముద్రం మీద ఉన్నాడు. పెద్దాయన భైరవపాలెం వెళ్ళాడు, కాకినాడ వెళ్ళాడు, తెచ్చిన శవాలన్నీ చూశాడు, ఫొటోలు చూశాడు. ఒకసారి ఎవరిదో చొక్కా చూసి మావాడిదేనని ఇంటికి కబురు పెట్టి, మళ్ళీ కాదని కబురు పెట్టాడు. నెల రోజులు అలా తిరిగాడు. చివరికి డిసెంబరు మొదటి వారంలో సంఘ పెద్దలే కూర్చుని, ఇక ఆదరణ కూడిక పెట్టేద్దామండి, ఆ తల్లి అన్నం ముట్టడం లేదు అన్నారు. పెట్టె లేదు, సమాధి లేదు, వాకిట్లో ఒక కుర్చీ మీద ఫొటో ఉంది. ఆదివారపు బడిలో అందరితో కలిపి తీసిన ఫొటోలోంచి కోసి పెద్దది చేయించారు, పక్క పిల్లాడి చెయ్యి భుజం మీద అలాగే ఉండిపోయింది.

నేను లేచి వాక్యం చెప్పాను. ఏం చెప్పానో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. దేవుడు తన తోటలో ఇష్టమైన పువ్వును కోసుకున్నాడు అన్నాను. ఆ మాట నేను కనిపెట్టింది కాదు, అప్పటికి పది కూడికల్లో పది మంది చెప్పగా విన్నదే, ఈ రోజుకీ మైకుల్లో వినపడుతూనే ఉంటుంది. పెద్దాయన నేల మీద కూర్చుని ఉన్నాడు. తల ఎత్తాడు.

"అయ్యగారూ, నేను చెట్టెక్కేవోణ్ణండి. ముదురు గెల చూసి దించుతామండి మేం. పిందె జోలికి ఏ పనోడూ పోడండి. తోట ఆయన్దే అంటన్నారు కదండి, ఆయనకి ఆ మాత్రం తెలీదాండి?"

సంఘ పెద్ద ఒకాయన, ఒరే అయ్యగారితో ఏంటా మాటలు అని కసిరాడు. పెద్దాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, వాకిట్లోంచి లేచి గట్టు మీదకి వెళ్ళిపోయాడు. నేను పుస్తకం మూశాను, తెరిచాను, ఏదో ప్రార్థన చేసి ముగించాను. ఆ రాత్రి మా ఆవిడ అన్నం పెడుతూ ఒక్కటే అంది, మీరు ఊరికే పక్కన కూర్చుని వచ్చేసినా సరిపోయేదండి అని. కోపం వచ్చింది నాకు. నిజమని తెలిస్తేనే కదా కోపం.

ఆ తర్వాత పెద్దాయన చర్చిలో అడుగు పెట్టలేదు. ఆయన భార్య మాత్రం వచ్చేది. స్త్రీల సమాజంలో పిడికెడు బియ్యం సంచీ ఆవిడదే, వారం వారం ఇంటింటికీ తిరిగి బియ్యం పోగుచేసి తెచ్చేది. ఆయన గురించి అడిగితే, పనికెళ్ళాడండి అనేది. ఆదివారం దింపు ఎవరూ తీయరని ఇద్దరికీ తెలుసు.

1997లో మట్టల ఆదివారం మార్చి 23న వచ్చింది. ఊళ్ళో నిలబడ్డ చెట్లే తక్కువ, వాటి ఆకులు కోయమని ఎవరిని అడుగుతాం, ఈ ఏడు మట్టలు లేకుండానే నడుద్దాం అనుకున్నాం. తెల్లవారుజామున గంట కొట్టడానికి తలుపు తీయబోతే కాలికి తగిలింది మోపు. పీచు తాడుతో కట్టి, తడిగుడ్డ కప్పి ఉంది. సైకిలు చక్రాల గుర్తు ఉంది మట్టిలో. మా ట్రంకు పెట్టె మోసిన సైకిలు టైర్ల గీత నాకు తెలియదని కాదు.

అప్పటి నుంచి ఏటా అంతే. మోపు గుమ్మం దగ్గర ఉండేది, ఆయన ఉండేవాడు కాదు. క్రిస్మస్ పందిరికి ఆకులు, కోత పండుగకి ఒక గెల కూడా అలాగే వచ్చేవి. ఆ గెల వేలంలో ఎప్పుడూ రేటు ఎక్కువ పలికేది, ఎవరిదో అందరికీ తెలుసు గనక. బజార్లో కనపడితే "వందనాలండి అయ్యగారూ" అనేవాడు, మా అమ్మాయి పెళ్ళికి వంద బొండాలు దింపి ఒక్క రూపాయి తీసుకోలేదు. నాతో ఏ గొడవా లేదు. అది నాకు ఇంకా కష్టంగా ఉండేది. కోప్పడితే క్షమాపణ అడగొచ్చు.

ఒకసారి అడిగాను. పన్నెండో పదమూడో ఏళ్ళు అయ్యాక, గట్టు మీద టీ కొట్టు దగ్గర ఇద్దరమే ఉన్నప్పుడు, ఆ రోజు నేను అలా మాట్లాడకుండా ఉండాల్సింది అన్నాను. ఆయ్, కుర్రతనం కదండి అన్నాడు. మరి లోపలికి రావచ్చుగా, మట్టలు తెస్తున్నావు, పందిరి వేస్తున్నావు, గుమ్మం దాకా వస్తూనే ఉన్నావు అన్నాను.

"నాకూ ఆయనకీ మాటల్లేవండి. మీతోనూ ఊళ్ళోవోళ్ళతోనూ ఉన్నాయి కదండి. పిల్లలు ఉత్త చేతుల్తో నడిస్తే బాగోదండి."

అని టీ డబ్బులు ఇద్దరివీ ఇచ్చేసి వెళ్ళిపోయాడు. మా వైపు అన్నదమ్ములు గట్టు తగాదాలు పడి ఇరవై ఏళ్ళు మాటల్లేకుండా ఉంటారు, కానీ ఇంట్లో పెళ్ళయితే పందిరి రాట దగ్గర ఇద్దరూ ఉంటారు. ఆయన దేవుడితో ఉన్నది ఆ వరసలోనే. దేవుడు లేడని ఆయన ఎన్నడూ అనలేదు, లేనివాడితో మాటలు మానెయ్యడం ఏముంది. నేను చెప్పిన ప్రసంగాల్లో విశ్వాసం గురించి వందల గంటలు చెప్పి ఉంటాను, ఈ మాట మాత్రం ఎక్కడా చెప్పలేకపోయాను, చెబితే సంఘ పెద్దలు కమిటీ వేసేవారు.

ఇక 2020. లాక్‌డౌను పెట్టి పన్నెండు రోజులైంది, చర్చికి తాళం, మట్టల ఆదివారం ఏప్రిల్ 5న. నా జీవితంలో మొదటిసారి ఆ రోజు ఊరేగింపు లేదు. శనివారం రాత్రి నేను ఫోను కర్రకి కట్టి ప్రసంగం రికార్డు చేసే తంటాల్లో ఉన్నాను, సిగ్నల్ లేక మేడ మీదకెక్కి. పొద్దున లేచి తలుపు తీస్తే మా గుమ్మానికి ఒక లేతాకు గుచ్చి ఉంది. పక్కింటికీ ఉంది. ఎదురింటికీ ఉంది. పేట మొత్తం, చర్చికి వచ్చేవాళ్ళకీ రానివాళ్ళకీ, చివర ఉన్న రామాలయం పూజారిగారి గేటుకి కూడా. చీకట్లో తిరిగి, ఎవరి గుమ్మం తాకినా దూరంగానే తాకి వెళ్ళిపోయినట్టున్నాడు. అప్పటికి డెబ్బై దగ్గర పడ్డాయి ఆయనకి, చెట్టెక్కడం మానేసి నాలుగేళ్ళయింది, కోసింది ఎవరో మోసింది ఎవరో. అదే రోజు రాత్రి తొమ్మిదింటికి దేశమంతా లైట్లు ఆర్పి దీపాలు పెట్టమన్నారు గుర్తుందా, ఆ తొమ్మిది నిమిషాలు మా వీధి చూడాల్సింది. గుమ్మం గుమ్మానికీ కొవ్వొత్తి, దాని పైన ఆకు. నేను రికార్డు చేసిన ప్రసంగం ఎంతమంది చూశారో మా అల్లుడు చెప్పాడు గానీ ఆ అంకె వదిలేయండి.

2021 మే నెల గురించి తొందరగా చెప్పేస్తాను. ఆ నెలలో మా సంఘంలో అయిదుగురిని సమాధి చేశాను, నాలుగో మనిషి ఆయన. ఆసుపత్రిలో ఆక్సిజన్ మంచం దొరకడానికి ఒకరోజు పట్టింది, దొరికాక మూడు రోజులు. రెండో రోజు ఫోను చేశాడు, గాలి అందక మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. నేను ఏదో వస్తుందనుకున్నాను, పాతికేళ్ళ మాట. నా గుండె కొట్టుకుంటోంది కూడా. ఆయన అన్నది, అయ్యగారూ, చర్చి ఎనకాల చెట్టుకి గెల ముదిరిందండి, పిల్లలు ఆడుకుంటారు అక్కడ, ఎవరిచేతైనా దింపించండి అని. దింపిస్తానన్నాను. ప్రార్థన చెయ్యమంటావా అని అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు, ఊపిరి వినపడుతోంది, తర్వాత "మీ ఇష్టమండి" అన్నాడు. చేశాను. ఆమెన్ అన్నాడో లేదో, లైన్ కట్టయింది.

సమాధి దగ్గర ఆరుగురం. ఆవిడ దూరంగా గట్టు మీద నిలబడింది. వాక్యం చెప్పమన్నట్టు ఒకాయన నా వైపు చూశాడు. నేను ఏమీ చెప్పలేదు. మాస్కు తీయలేక అనుకున్నారేమో అందరూ, అనుకోనిచ్చాను. పైన తెల్లటి సంచీలో ఉన్న మనిషి ఎత్తు చూస్తూ, ఇంత చిన్నవాడా ఈయన అనుకున్నాను, ఎప్పుడూ చెట్టు మీద చూడ్డమే కదా.

2022 ఏప్రిల్ 10 మట్టల ఆదివారం. ఆ వారమే కొత్త జిల్లాలు వచ్చాయి, 4వ తేదీన, ఊరంతా కోనసీమ జిల్లా అయిందన్న కబుర్లే, నాకూ అదే హడావిడి. శనివారం రాత్రి పడుకోబోతూ గుర్తొచ్చింది, రేపు గుమ్మం దగ్గర మోపు ఉండదని. అప్పటికప్పుడు యవ్వనస్తులని లేపాను. వాళ్ళలో చెట్టెక్కడం వచ్చినవాడు ఒక్కడు లేడు, పక్క ఊరి నుంచి ఒకతన్ని బతిమాలి తెచ్చి, చెట్టుకింత అని ఇచ్చి, సెల్‌ఫోన్ లైట్ల వెలుతురులో చేతికందిన ఆకులు కోయించాం. పొద్దున చూస్తే అన్నీ ముదురు. పిల్లలు కత్తియుద్ధం చేశారు, ఒకడికి చెంప గీరుకుపోయింది. ఆవిడ మోపు దగ్గరికి వచ్చి ఒక మట్ట ఎత్తి చూసి, ఏడాది తర్వాత మొదటిసారి నవ్వింది.

"ఇవేం మట్టలండి అయ్యగారూ, చీపుళ్ళు కట్టుకోడానికి బాగుంటాయి."

అప్పుడు చెప్పింది. ఆయన ఏడాది పొడుగునా చెట్లు చూసి పెట్టుకునేవాడట. ఎర్రముక్కు పురుగు పట్టి ఇక బతకదనుకున్నది, రైతు కొట్టించేద్దామనుకుంటున్నది, ఇల్లు కట్టుకోడానికి అడ్డంగా ఉన్నది. ఏ తోటలో ఏది, ఎవరి గట్టున ఏది, అన్నీ ఆవిడకి రాత్రి అన్నం తింటూ చెప్పేవాడు. ఫలానావారి చెట్టు ఏప్రిల్ దాకా ఉంచమని చెప్పానే, వాళ్ళు సరేనన్నారు అని. పోయే చెట్టు మొవ్వే కోసేవాడు తప్ప బతికే చెట్టు మీద కత్తి పెట్టలేదు. ఇరవై అయిదేళ్ళలో ఒక్కటి కూడా పెట్టలేదండి అంది.

ఆ తర్వాత జులైలో వరద వచ్చినప్పుడు, ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది కదా, లంకల వాళ్ళు నాలుగు రోజులు మా చర్చిలోనే ఉన్నారు, ఆవిడే గరిటె పట్టుకుని నిలబడింది. అది ఇంకోసారి రాస్తాను, అదొక పెద్ద కథ.

ఈ ఏడు సంగతి. ఇవాళ పొద్దున ఒక కుర్రాడు వచ్చాడు, పదిహేడేళ్ళుంటాయి, వాళ్ళమ్మ మస్కట్‌లో ఉంటుంది, వాడు ఇంటర్ తప్పి కొబ్బరి ఒలుపుకి వెళుతున్నాడు. చెట్టెక్కడం కూడా నేర్చుకున్నానండి, మట్టలు నేను కోసుకొస్తాను, ఏ చెట్టు కొయ్యమంటారు అని అడిగాడు. ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను. ఏ ఇంట్లో ఎవరికి షుగరుందో, ఎవరికి ఎవరితో మాటల్లేవో చెప్పగలను. ఏ చెట్టు పోతుందో చెప్పలేకపోయాను. పెద్దమ్మని అడుగు అన్నాను.

ఆవిడకి కళ్ళు ఆనడం లేదు ఈ మధ్య. వాడు బండి వెనకాల ఎక్కించుకుని తీసుకెళ్ళాడు, మా ఇంటి ముందు నుంచే వెళ్ళారు, ఆవిడ రెండు చేతులతో వాడి చొక్కా పట్టుకుని, గట్టు మీదకి పోనియ్యరా, ముందు సర్పంచిగారి తోట, అక్కడ మూడో వరస అని అరుస్తోంది. రెండు గంటలైంది. ఇంకా తిరుగుతున్నట్టున్నారు.